మూగబోయిన కుడి ప్రక్క

ధ్యాన భాగము: రెండవ రాజులు 22:3–13



ఈసారి మీతో ఒక పాత స్టీరియో సెట్టు మరమ్మతు గురించి మాటలాడాలని ఉంది. ఇదేమి ప్రసంగమని విసుగుకొనవద్దు. మందిరపు మరమ్మతు లెక్కల మధ్యలోనే యోషీయాకు దేవుని మాట దొరికింది. నాకు దొరికినది అంత గొప్పది కాదు గాని, నన్ను సిగ్గుపరచినది మాత్రము నిజము.

బళ్లారి జిల్లా సండూరు తాలూకాలో చోరనూరు అనే ఊరున్నది. చుట్టూ ఇనుప ఖనిజము, మాంగనీసు గనుల సీమ. గాలి వీస్తే ఎర్ర దుమ్ము. ఉతికిన తెల్ల పంచె సాయంత్రానికి కావిరంగు. ఒంగోలు, కనిగిరి వైపుల నుండి పనికోసం వచ్చి అక్కడే ఉండిపోయిన కొన్ని కుటుంబాలతో ఒక చిన్న సహవాసము ఏర్పడింది. రేకుల కప్పుతో ప్రార్థన మందిరము 1984లో ప్రతిష్ఠ చేసుకున్నారు. నేను 1995 నుండి అక్కడికి వాక్యపరిచర్యకు వెళ్ళుచున్నాను.

ఆ సహవాసములో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఒక తల్లి ఉన్నది. ఆమె కుమారుడు 1981లో కువైటు నుండి సెలవుకు వస్తూ ఒక జపాను సెట్టు తెచ్చాడు. ఆ రోజులలో గల్ఫు నుండి వచ్చే ప్రతి ఇంటికీ అకాయ్, సాన్‌సుయ్, నేషనల్ పానసోనిక్ అనే పేర్లు వచ్చేవి, మీకు జ్ఞాపకముండే ఉంటుంది. ఈ సెట్టును రిసీవర్ అంటారు. రేడియో, ఆంప్లిఫయరు రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి. వెనుక టేపు తగిలించుకోవచ్చు, రెండు స్పీకర్లు వేరుగా ఉంటాయి. ముందు గాజు పలకలో పచ్చని దీపము, దాని వెనుక అటూ ఇటూ జరిగే ముల్లు. ఆ పచ్చ దీపము వెలిగితే పిల్లలంతా చేరేవారట.

ఆ సెట్టుకు షార్ట్‌వేవ్ కూడా ఉన్నది. హిందూ మహాసముద్రములోని సీషెల్స్ ద్వీపముల నుండి ఫేబా వారు 1970లో మొదలుపెట్టిన సువార్త ప్రసారములు తెలుగులో కూడా వచ్చేవి. సాయంత్రం పెద్దమ్మ వాకిట చాపలు పరచుకొని వినేవారు. ఆ షార్ట్‌వేవ్ కేంద్రము 2003లో మూతపడిన తరువాత సెట్టు మీద గుడ్డ కప్పారు. అయినా సంవత్సరానికి ఒక్కసారి, మందిర ప్రతిష్ఠ వార్షికోత్సవము నాడు, ఆ గుడ్డ తీసేవారు. 1984లో ప్రతిష్ఠ ఆరాధన అంతటినీ పెద్దమ్మ కుమారుడు టేపులో పట్టాడు. ఒంగోలు వైపు నుండి వచ్చిన ఒక వృద్ధ దైవజనుడు, ఇప్పుడు ప్రభువునందు నిద్రించిన వాడు, యోహాను సువార్త 4వ అధ్యాయము నుండి సమరయ స్త్రీని గురించి ప్రసంగించాడు. ఆ క్యాసెట్టే మన సంఘ చరిత్ర.

ఆ ప్రసంగములో ఒక విశేషమున్నది. ఆయన ఒక్క వాక్యము చెప్పి ఆగేవాడు. చాలాసేపు మౌనము. సన్నగా ఎక్కడో జనము గొణిగినట్టు వినబడేది. మళ్ళీ ఒక్క వాక్యము. మళ్ళీ మౌనము. మేమంతా, "ఎంత భారముతో చెప్పేవాడో చూడండి, ప్రతి మాటా హృదయములో ఇంకేవరకు ఆగేవాడు" అని చెప్పుకునేవాళ్ళము. దాచుకోకుండా ఒప్పుకుంటాను: ఆ ఆగడము నేను కూడా నేర్చుకున్నాను. చాలా సంవత్సరములు పులిపీఠము మీద ఒక వాక్యము చెప్పి, ఆగి, జనమును పరికించి చూసి, మరొక వాక్యము చెప్పేవాణ్ణి. మా ఇంట్లో వారు నాకు మతిమరుపు వచ్చిందేమో అనుకున్నారు.

2024లో మందిరము కట్టి 40 సంవత్సరములు నిండాయి. కృతజ్ఞత కూడిక పెట్టుకొని క్యాసెట్టు వినిపించాలని సెట్టు వెలిగించారు. అరగంట పాడి, లోపల టక్కుమని శబ్దము వచ్చి ఆగిపోయింది. చల్లారిన తరువాత మళ్ళీ అరగంట. మళ్ళీ టక్కు. "అయ్యగారూ, నేను పోయేలోగా దీన్ని బాగుచేయించండి" అని పెద్దమ్మ నా చేతిలో పెట్టింది. చేతిలో పెట్టిందంటే మాటవరసకు. ఆ పెట్టె బియ్యపు మూటంత బరువు. సండూరు మీదుగా బస్సులో హోస్పేటకు మోసుకొని వెళ్ళాను.

అక్కడ పాత రేడియోలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నాడు. ముస్లిం సహోదరుడు, కంటికి దళసరి అద్దాలు. "కూర్చోండి పాస్టర్ సాబ్" అని, వెంటనే కరెంటు పెట్టకుండా, మూత విప్పి, ఒక పెయింటింగు బ్రష్షుతో ఎర్ర దుమ్మంతా ఊడ్చాడు. తరువాత నూరు వాట్ల బల్బు ఒకటి మధ్యలో తగిలించి దానిగుండా కరెంటు ఇచ్చాడు. దానిని సిరీస్ బల్బు అంటారట. లోపల ఎక్కడైనా షార్టు ఉంటే బల్బు పూర్తిగా వెలుగుతుంది, సెట్టు కాలిపోదు. బాగుంటే ఒక్కసారి వెలిగి మందగిస్తుంది. ఈ సెట్టుకు బల్బు మందగించింది. "ప్రాణముంది" అన్నాడు.

తరువాత సెట్టును వెనక్కి త్రిప్పి చూసి నవ్వాడు. "ఇది ఎవరు చేశారు సాబ్?"

సంగతేమంటే, 1990 ప్రాంతములో కుడి ప్రక్క స్పీకరు మూగబోయిందట. అప్పుడు ఎవరో మెకానిక్కు చూశాడు. కుడి ప్రక్క ఎందుకు మూగబోయిందో వెదకలేదు. కుడి స్పీకరు తీగను పీకి, ఎడమ ప్రక్కనే కలిపి చుట్టాడు. రెండు స్పీకర్లూ మ్రోగాయి. ఇంటివారు సంతోషించారు, డబ్బిచ్చారు. మీడియం వేవ్‌లోనూ షార్ట్‌వేవ్‌లోనూ రెండు ప్రక్కలకూ వచ్చేది ఒకే శబ్దము గనుక ఎవరికీ తేడా తెలియలేదు. పాటల క్యాసెట్లలో ఒక వాయిద్యము తగ్గితే ఎవరు పట్టించుకుంటారు? 34 సంవత్సరములు మేము రెండు స్పీకర్లలోనూ ఎడమ ప్రక్కనే విన్నాము.

ఆయన చెప్పిన మాట వినండి. "రెండెద్దులు లాగాల్సిన కాడిని ఒక ఎద్దు మెడ మీద వేశారు సాబ్. ఎనిమిది ఓముల స్పీకర్లు రెండు ఒకే చోట కలిపితే నాలుగు ఓములవుతుంది, ఆ ప్రక్క కరెంటు రెండింతలు లాగాలి. వేడెక్కుతుంది. వేడెక్కితే కాపాడటానికి లోపల రిలే ఒకటి టక్కుమని ఆపేస్తుంది. అది జబ్బు కాదు, అది మొర."

ప్రియులారా, మన సంఘములలో ఇటువంటి మరమ్మతులు ఎన్ని జరుగుచున్నవో ఆలోచించండి. ఒక ప్రక్క మూగబోయినది. ఎందుకని అడగము. పనిచేసే ప్రక్కకే రెండవ భారము కూడా కట్టి, శబ్దము వచ్చుచున్నది గదా అని సంతోషిస్తాము. ఆదివారపు బడి చెప్పే ఆ ఒక్క సహోదరే స్త్రీల కూడిక నడపాలి, రోగులను చూడాలి, వంట కూడా ఆమే. ఆమె ఒకనాడు అలసి ఆగిపోతే, భక్తి తగ్గిందంటాము. 1878 జూలై 3న వెలుంపిల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో 2,222 మందికి బాప్తిస్మమిచ్చిన దినమును మన బాప్టిస్టులము గర్వముగా చెప్పుకుంటాము. ఆ దినము నీటిలో నిలిచింది క్లౌ దొరగారు కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా దిగి, అలసిన వారి స్థానములో తరువాతి ఇద్దరు దిగి ఆ పని ముగించారు. ఇద్దరిద్దరుగా అన్న మాటను మాత్రము మనము మరచిపోయాము.

ఇప్పుడు వాక్యమునకు వస్తాను. మందిరము మరమ్మతు గురించి రాజుల గ్రంథములో రెండు సంగతులున్నవి. మొదటిది 12వ అధ్యాయములో యోవాషు కాలమునాటిది. యాజకులు ద్రవ్యము తీసుకొని మందిరములో శిథిలమైన చోట్లు బాగుచేయాలని రాజు ఆజ్ఞ. రాజు ఏలుబడిలో 23వ సంవత్సరము వచ్చినా ఒక్క బీట కూడా పూడలేదు. వారు దొంగలని గ్రంథము చెప్పడము లేదు. ప్రతిదినమూ ఆ బీటల ప్రక్కనుండే నడిచేవారు గనుక వారి కన్ను అలవాటుపడి ఉంటుందని నేననుకుంటాను. అలవాటైన లోటు లోటుగా కనిపించదు.

రెండవది మన ధ్యాన భాగము. యోషీయా ఎనిమిదేండ్లవాడై రాజయ్యాడు; ఇది 18వ యేట, అంటే 26 సంవత్సరముల యౌవనుడు. అతడు గ్రంథమును వెదకలేదు. కఱ్ఱ, రాయి, వడ్రంగి, తాపీపని, అంతే. పనివారు నమ్మకస్థులు గనుక లెక్క అడుగనవసరము లేదని కూడా చెప్పాడు. ఆ పని మధ్యలో ధర్మశాస్త్ర గ్రంథము బయటపడింది. ఎక్కడ? ఐగుప్తులో కాదు, బబులోనులో కాదు. పోగొట్టుకున్న ఇంటిలోనే. షాఫాను రాజుకు ఎలా తెలియజేశాడో చూడండి: మొదట ద్రవ్యపు లెక్క చెప్పాడు, తరువాత, యాజకుడు ఒక గ్రంథము ఇచ్చాడని చెప్పాడు. మన కార్యవర్గ నివేదికలు కూడా ఈ వరుసలోనే ఉంటాయి గదా! రాజు మాత్రము ఆ రెండవ మాట దగ్గరే ఆగి, వస్త్రములు చింపుకున్నాడు. మా తండ్రులు పోగొట్టారు, నాకేమి అనలేదు.

హోస్పేటలో ఆ పెద్దాయన కుడి ప్రక్క అంతా మీటరుతో వెదికాడు. కాలిపోయినది ఏదీ లేదు. స్పీకరుకు శబ్దమును పంపే రిలేలో రెండు చిన్న వెండి బిళ్ళలు ఒకదానికొకటి తగలాలి. కుడి ప్రక్కవి నల్లబడి ఉన్నవి. తగులుచున్నవి గాని మధ్యలో మసి. సన్నని కాగితపు ముక్కను స్పిరిట్‌లో తడిపి, ఆ రెంటి మధ్య పెట్టి మెల్లగా లాగాడు. కాగితము నల్లగా వచ్చింది. మరొకటి. మరొకటి. తెల్లగా వచ్చేవరకు లాగాడు. ఉప్పుకాగితము వేస్తే వెండి పూత పోతుందని, తొందరగల మెకానిక్కులు అదే చేస్తారని చెప్పాడు. ఎండిపోయిన కండెన్సర్లు నాలుగు మార్చాడు, విడివడిన ఒక టంకము మళ్ళీ వేశాడు, కరకరమనే వాల్యూమ్ మరలోకి మందు కొట్టి త్రిప్పాడు, స్పీకర్ల తీగలు ఎవరి చోట వారికి కలిపాడు. 1,200 రూపాయలు తీసుకొని, తీసేసిన కండెన్సర్లను పొట్లము కట్టి నా చేతికిచ్చాడు, నిజముగా మార్చానని నేను తెలుసుకొనవలెనని. లెక్క అడుగనవసరము లేని పనివారు ఇంకా ఉన్నారు సహోదరులారా, మన సంఘముల బయట కూడా.

చోరనూరు తిరిగి వచ్చి, పెద్దమ్మ ఇంటిలో స్పీకర్లు చెరొక మూల పెట్టి, 1984 నాటి క్యాసెట్టు వేశాము.

ఎడమ ప్రక్క దైవజనుని గొంతు. ఒక్క వాక్యము. మౌనము రావలసిన చోట, కుడి మూలనుండి మరొక గొంతు లేచింది. యౌవనుని గొంతు, గట్టిగా, స్పష్టముగా, కన్నడములో. అదే వాక్యము. మళ్ళీ ఎడమనుండి తెలుగు, మళ్ళీ కుడినుండి కన్నడము. ఆ దినము రెండు మైకులు పెట్టి ఉంటారు. ఒకటి ప్రసంగికునికి, ఒకటి తర్జుమా చేయువానికి. ఇన్నాళ్ళు మేము భక్తితో కూడిన మౌనమని మెచ్చుకున్నదంతా ఒక మనిషి మాటలాడుచున్న సమయము.

గదిలో ఎవరూ కదలలేదు. పెద్దమ్మ మాత్రము, "మన మేష్ట్రు గదా! మీకు తెలియదా నాయనా?" అన్నది. ఆమెను మేమెవరమూ అడగలేదు గనుక ఆమె చెప్పలేదు.

మేష్ట్రు అంటే ఆ ఊరి బడిలో పనిచేసిన కన్నడ ఉపాధ్యాయుడు. 1810లో బళ్లారికి వచ్చిన లండన్ మిషను జాన్ హ్యాండ్స్ దొరగారి పరిచర్య ఫలమైన సంఘములలో పుట్టిన కుటుంబము. హ్యాండ్స్ గారు, రీవ్ గారు కలిసి చేసిన పనివలననే 1831 నాటికి కన్నడ బైబిలు పూర్తిగా అచ్చయింది. బళ్లారి 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రములోనే ఉండి, ఆ దినమున మైసూరులో కలిసింది. అక్కడి వీధులలో ఏ ఇల్లు తెలుగు, ఏ ఇల్లు కన్నడము అని గీత గీయలేము. మనము గీశాము.

అది గీసిన చేయి నాది. 1996లో, ఆరాధన మరీ పొడుగవుచున్నదని కార్యవర్గములో మాట వచ్చింది. "మనవారందరికీ తెలుగు వచ్చును గదా, తర్జుమా ఎందుకు?" అని ప్రతిపాదించినది నేనే. తర్జుమా అనేది మధ్యలో వచ్చిన ఏర్పాటు అనుకున్నాను. మధ్యలో వచ్చినది మధ్యలో పోవచ్చు గదా. పైగా మేష్ట్రు శిశువుగా నీళ్ళు చిలకరింపబడినవాడు, నిమజ్జనము పొందలేదు, గనుక సంఘములో సభ్యుడు కాడని ఒకరు గుర్తుచేశారు. బాప్తిస్మమును గూర్చిన మన బోధను నేను గట్టిగా పట్టుకొని ఉన్నాను, ఇప్పుడూ దానిని సడలించను. కాని ఆ దినము మేము ఆయనతో బాప్తిస్మము గురించి మాటలాడలేదు. గడియారము గురించి మాటలాడి, బాప్తిస్మమును సాకుగా పెట్టాము. ఆయన రెండు మూడు ఆదివారములు వెనుక కూర్చొని, తరువాత రావడము మానుకున్నాడు. ఆయన వెంట వచ్చే ఐదారు కన్నడ కుటుంబాలూ రాలేదు. హాజరు తగ్గిందని మేము ఉపవాస ప్రార్థన పెట్టుకున్నాము.

నెహెమ్యా 8వ అధ్యాయము 8వ వచనములో లేవీయులు గ్రంథమును స్పష్టముగా చదివి, జనులు గ్రహించునట్లు అర్థము చెప్పారని చూస్తాము. అది కూడా వలస నుండి వచ్చిన సంఘమే. అదే నెహెమ్యా 13వ అధ్యాయములో, అష్డోదు భాష మాట్లాడుచు యూదుల భాష రాని పిల్లలను చూచి కోపపడి తలవెండ్రుకలు పెరికించాడు. మన పిల్లలు కన్నడ బడిలో చదివి తెలుగు పాట కూడబలుక్కుంటుంటే మనకూ కోపము వస్తుంది. వెండ్రుకలు పెరికే అధికారము మనకు లేదు. వారికి ప్రక్కన నిలిచి అర్థము చెప్పే మనిషి ఉండేవాడు; అతనిని మనమే పంపివేశాము.

మరునాడు మేష్ట్రు ఇంటికి వెళ్ళాను. ఎనభైకి దగ్గర పడ్డాడు. అరుగు మీద కూర్చొని వేరుశనగ ఒలుచుచున్నాడు. నేను 1996 సంగతి ఎత్తి క్షమాపణ అడిగితే, "బిడి సార్, పోనీండి" అన్నాడు. క్యాసెట్టు సంగతి చెబితే మాత్రము చేతిలోని చేట ప్రక్కన పెట్టాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. కుడి స్పీకరుకు ఎదురుగా కుర్చీ వేసుకొని, తన గొంతు తానే విన్నాడు. సగము దూరము వెళ్ళాక చేయి పైకెత్తి, "ఆపండి, ఆపండి" అన్నాడు.

నాకు భయము వేసింది. మనసు నొచ్చిందేమో అనుకున్నాను.

"ఇక్కడ నేను తప్పు చెప్పాను" అన్నాడు. దైవజనుడు జీవజలపు ఊట అన్నాడు. తొందరలో ఈయన కన్నడములోనూ ఊట అనే అనేశాడు. కన్నడములో ఊట అంటే భోజనము. సమరయ స్త్రీకి ప్రభువు భోజనము పెడతానన్నాడని ఆ దినము కన్నడవారంతా విన్నారు. ప్రతిష్ఠ అయిన వెంటనే నిజముగానే విందు పెట్టారు గనుక ఎవరూ ప్రశ్న వేయలేదట. పెద్దమ్మ కొంగు నోటికి అడ్డము పెట్టుకొని నవ్వింది. మేష్ట్రు నవ్వలేదు. "నలభై ఏళ్ళ నుంచి మనసులో ఉంది సార్. ఒరతె అనవలసింది. ఒక్క ఆదివారము నాకు ఇవ్వండి, సరిచేసుకుంటాను."

ఆ ఆదివారము యోహాను 4వ అధ్యాయము చదివించాను. నేను ఎడమ ప్రక్క నిలిచి ఊట అన్నాను. ఆయన కుడి ప్రక్క, మనుమరాలి భుజము పట్టుకొని నిలిచి, ఒరతె అన్నాడు. ఒరతె అంటే ఏమిటో, తమ పొలము దగ్గరి చెలమను చూపించి చెప్పినట్టు నాలుగు మాటలు చెప్పి కూర్చున్నాడు. వెనుక వరుసలో మూడు కన్నడ కుటుంబాలు ఉన్నవి. ప్రభు బల్ల విషయము సంఘము ఇంకా తీర్మానించలేదు, దానిని గూర్చి ప్రార్థన చేయుచున్నాము. తరువాతి వారము నేను పిలువకుండానే ఆయన వచ్చి కుడి ప్రక్క నిలిచాడు. చేయి వణికితే మనుమరాలు బైబిలు పట్టుకున్నది. ఆరాధన ఇరవై ఐదు నిమిషములు ఆలస్యముగా ముగిసింది. ఇద్దరు ముగ్గురు గడియారము చూసుకున్నారు.